ఎనభై నెలలా, అరవై తొమ్మిది నెలలా: ఒక తండా బాలికకు ప్రత్యేక విద్యార్హత నిర్ధారణ

2019 జూలై మొదటి వారంలో, పత్తి గింజలు పెట్టడం పూర్తయి కలుపు పనులు ఇంకా మొదలుకాని రోజుల్లో, నర్సంపేట వైపు ఒక తండా నుంచి భార్యాభర్తలు తమ కూతురిని వెంటబెట్టుకొని హన్మకొండలో నేను పిల్లల తెలివితేటలు, ఎదుగుదల పరీక్షలు చేసే చోటికి వచ్చారు. పాప పేరు, తండా పేరు, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరికొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఇక్కడ ఆమెను సుజాత అని పిలుస్తాను. వయసు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు, తండా దగ్గరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి. వారి చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. మొదటిది ఒక ఏడాది కిందట జరిగిన పరీక్షా శిబిరంలో ఇచ్చిన చీటీ. దాని మీద "ఐక్యూ 46, మధ్యస్థ స్థాయి బుద్ధిమాంద్యం" అని ఉంది కానీ ఏ పరీక్ష చేశారో, ఏ భాషలో చేశారో, ఎవరు చేశారో రాసి లేదు. రెండోది బడి నుంచి వచ్చిన ఉత్తరం. ఆ చీటీని ఆధారం చేసుకొని, పాపను ప్రత్యేక పాఠశాలకు పంపడం మంచిదని అందులో రాశారు.

వారిని నా దగ్గరికి పంపింది మండల భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయురాలు. ఆమె ఫోనులో చెప్పిన మాట నాకు ఈ కేసు మొత్తానికీ దారి చూపింది. "మేడం, ఈ పాపకు ఇబ్బంది ఉందని నాకు తెలుస్తున్నది, కానీ ఆ చీటీల రాసినంత ఇబ్బంది మాత్రం కాదు. ఎంతుందో మీరే చూడుండ్రి" అన్నారు. తండ్రి మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు. "అక్కడ ఏస్తే అక్కడనే ఉంచుతరా మేడం? ఇంటికి పంపరా?"

నా ముందు మూడు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. పాపకు మేధో వైకల్యం ఉన్నదా లేదా. ఉంటే ఎంత తీవ్రత. ఆ తీవ్రతతో సంబంధం ఉన్నా లేకపోయినా, చదువులో ఆమెకు ఏ సాయం ఎక్కడ అందాలి. ఈ మూడింటినీ ఒకే అంకెతో తేల్చేసే అలవాటు మన దగ్గర బలంగా పాతుకుపోయింది, చీటీలో చేసింది కూడా అదే.

మొదటి రోజు నేను పరీక్ష పెట్టెలు తెరవలేదు. పాప కుడి చెవి దగ్గర చీము ఎండిన మరక కనిపించింది. నేను వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు, ముందుకు వచ్చి పిలిస్తే చూసింది. చెవి కారడం ఎప్పటి నుంచని అడిగితే, "చిన్నప్పటి సంది కారుతది, వానకాలం ఎక్కువ" అని తల్లి చెప్పింది. వరంగల్ పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి రాసి పంపాను. రెండు కర్ణభేరులకూ రంధ్రాలున్నాయనీ, వినికిడి పరీక్షలో కుడివైపు సుమారు 40, ఎడమవైపు 45 డెసిబెల్స్ నష్టం ఉందనీ, అది లోపలి నరానికి సంబంధించినది కాక శబ్దం చేరే దారిలోని లోపమేననీ తేలింది. చెవి శుభ్రం చేసి, చుక్కల మందు వేసి, నీళ్లు పోకుండా చూసుకున్నాక రెండు నెలల్లో చెవులు ఆరాయి, నష్టం 30 డెసిబెల్స్ దరిదాపులకు తగ్గింది. ఇది వినికిడి వైకల్యం కింద చట్టపరంగా లెక్కకు రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి మందం అంటారు. అయితే నలభై మంది పిల్లల తరగతిలో, రేకుల కప్పు మీద వాన పడుతుండగా, తనది కాని భాషలో పాఠం వినే పిల్లకు 40 డెసిబెల్స్ తక్కువ నష్టం కాదు. శిబిరంలో పరీక్ష జరిగింది వానకాలంలోనే. ఆ రోజు ఆ పాపకు ప్రశ్న వినిపించిందో లేదో ఎవరూ చూసినట్టు లేదు.

దృష్టి పరీక్షలో లోపం లేదు. థైరాయిడ్ రక్త పరీక్ష మామూలుగా ఉంది. మూర్ఛల చరిత్ర లేదు.

ఎదుగుదల చరిత్ర రాబట్టడానికి ఎక్కువ సమయం తీసుకున్నాను, ఎందుకంటే మేధో వైకల్యాన్ని నిర్ధారించడానికి మూడు షరతులు కలవాలి: తెలివితేటల పరీక్షలో గణనీయమైన తగ్గుదల, రోజువారీ జీవన నైపుణ్యాల్లో తగ్గుదల, ఈ రెండూ ఎదుగుదల వయసులోనే మొదలై ఉండటం. మూడో షరతుకు ఆధారం తల్లిదండ్రుల జ్ఞాపకం తప్ప మరొకటి సాధారణంగా దొరకదు. నెలలు, సంవత్సరాలు అడిగితే వారు చెప్పలేరు, లేదా మన ముఖం చూసి ఏదో ఒకటి చెబుతారు. మా ప్రాంతంలో నేను వాడే కొలత మేడారం జాతర. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరకు పోని కుటుంబం ఇక్కడ అరుదు. పోయినప్పుడు పిల్ల ఎత్తుకుంటే పోయిందా, నడిచి పోయిందా అన్నది ఏ తల్లీ మరిచిపోదు.

సుజాత 2010 జాతర ముగిసిన నెలన్నరకు, మార్చిలో పుట్టింది. కాన్పు చాలాసేపు పట్టింది, పాప వెంటనే ఏడవలేదు, తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. 2012 ఫిబ్రవరి జాతర నాటికి ఆమెకు దాదాపు రెండేళ్లు. "సంకల ఎత్తుకొనే పోయినం, నిలబెడితే నిలబడేది, అడుగు ఏసేది కాదు" అన్నది నానమ్మ. 2014 జాతరకు నాలుగేళ్లు నిండవస్తున్నాయి. అప్పటికి ఆమె నోట వచ్చే మాటలు యాడి, పాణి, బాటి, మరో నాలుగైదు. అంటే అమ్మ, నీళ్లు, రొట్టె అనే మాటలు ఇంటి భాష అయిన లంబాడీలోనే నాలుగేళ్లకు విడివిడిగా వస్తున్నాయి. 2016 జాతరలో ఆమె జంపన్నవాగు దగ్గర తప్పిపోయింది. ఆరేళ్లు నిండవస్తున్న పిల్ల తండ్రి పేరు చెప్పలేకపోయింది, తండా పేరు చెప్పలేకపోయింది. మైకులో ఆమె వేసుకున్న గౌను రంగు చెప్పి పిలిచారట. నానమ్మ ఇది చెబుతున్నప్పుడు తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. మూడు జాతరలు కలిపి నాకు ఇచ్చిన ఆధారం ఏ ప్రశ్నావళీ ఇచ్చి ఉండేది కాదు.

ఇక భాష విషయం. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. తండా పిల్లలు తెలుగులో వెనకబడటాన్ని బుద్ధిమాంద్యంగా రాసేయడం నేను పదే పదే చూసిన పొరపాటు, కనుక ఈ వివరణను తేలికగా పక్కన పెట్టదలచుకోలేదు. అయితే అదే ఇంట్లో సుజాతకు ఒక తమ్ముడు ఉన్నాడు. వయసు ఏడేళ్లు, రెండో తరగతి. అదే భాష, అదే బడి, అదే పేదరికం, పత్తి ఏరేటప్పుడూ మిర్చి కోసేటప్పుడూ తల్లిదండ్రులు లేని అవే సాయంత్రాలు. ఆ పిల్లవాడు తెలుగు వాచకం కూడబలుక్కొని చదువుతున్నాడు, అక్క చేయి పట్టుకొని బడికి తీసుకుపోతున్నాడు. భాష ఒక్కటే కారణమైతే ఈ తేడా వచ్చేది కాదు. అలాగని తెలుగులో పెట్టిన పరీక్షను నమ్మడానికీ వీల్లేదు.

సెప్టెంబరులో, చెవులు ఆరాక, బినే-కామత్ పరీక్ష పెట్టాను. స్టాన్‌ఫర్డ్-బినే పరీక్షను కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచిన రూపం ఇది. మన దగ్గర ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు. లంబాడీకి దీని ప్రమాణీకరణ లేదు. అందుకే సూచనలు లంబాడీలో చెప్పించి, ఆ విషయం నివేదికలో రాశాను. దుబాసీగా తల్లినో తండ్రినో కూర్చోబెట్టలేదు. పిల్ల తడబడితే కన్నవారి నోరు ఆగదు. పక్క తండాలో పనిచేసే అంగన్‌వాడీ టీచరును పిలిచి, ముందురోజు గంటసేపు కూర్చొని, ఏ ప్రశ్నను ఎలా చెప్పాలో, ఎక్కడ ఒక్క మాట ఎక్కువ చెప్పినా జవాబు అందించినట్టు అవుతుందో వివరించాను. పరీక్షను రెండు పూటలుగా విడగొట్టాను.

నాలుగేళ్ల స్థాయి ప్రశ్నలన్నీ సుజాత చేసింది. అయిదేళ్ల స్థాయిలో అయిదు, ఆరేళ్ల స్థాయిలో మూడు, ఏడేళ్ల స్థాయిలో రెండు, ఎనిమిదేళ్ల స్థాయిలో ఒకటి చేసి, తొమ్మిదేళ్ల స్థాయిలో ఏదీ చేయలేకపోయింది. ఆ వయసుల్లో ఒక్కో ప్రశ్నకు రెండు నెలల లెక్కన, 48 నెలలకు మరో 22 కలిపి మానసిక వయసు 70 నెలలు వచ్చింది. అప్పటికి ఆమె వాస్తవ వయసు 114 నెలలు. మానసిక వయసును వాస్తవ వయసుతో భాగించి వందతో గుణిస్తే ఐక్యూ 61. మాటల అవసరం అంతగా లేని సెగ్విన్ ఫారం బోర్డులో ఇంకొంచెం మెరుగ్గా, ఆరున్నరేళ్ల పిల్లల స్థాయిలో చేసింది. చెక్క ముక్కలను గుంతల్లో అమరుస్తున్నంతసేపూ ఆమె ముఖంలో కనిపించిన సంతోషాన్ని కూడా రాసుకున్నాను, ఎందుకంటే ప్రణాళిక వేసేటప్పుడు అది పనికివస్తుంది. 46కూ 61కీ మధ్య పదిహేను అంకెల తేడా ఉంది. ఆ ఏడాదిలో పిల్ల మేధ పెరిగిందని దీని అర్థం కాదు, కొలిచిన తీరు మారింది. అయినా 61 సైతం మేధో వైకల్యానికి హద్దుగా తీసుకునే 70కి చాలా దిగువనే ఉంది, పరీక్షల్లో సహజంగా ఉండే అయిదు అంకెల ఊగిసలాటను రెండు వైపులా కలుపుకున్నా దిగువనే ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడ కాక, జీవన నైపుణ్యాల కొలత దగ్గర వచ్చింది. అందులో మొదటి పొరపాటు నాదే.

వైకల్య శాతాన్ని లెక్కకట్టడానికి 2018 జనవరి 4న కేంద్రం నోటిఫై చేసిన మార్గదర్శకాలు అప్పుడు అమల్లో ఉన్నాయి. 2024 మార్చిలో సవరించిన మార్గదర్శకాలు వచ్చాయి కానీ ఈ కేసు అంతకు ముందుది. 2018 పద్ధతిలో మేధో వైకల్యం శాతానికి వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వతా మాపని స్కోరు కీలకం. ఎడ్గర్ డాల్ 1935లో రూపొందించిన ఈ మాపనిని మాలిన్ మన దేశానికి అనువుగా మార్చారు. 89 అంశాలు, పుట్టినప్పటి నుంచి పదిహేనేళ్ల వరకు. ఆ స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే స్వల్ప స్థాయి, 50 శాతం వైకల్యం. 70 నుంచి 84 మధ్య ఉంటే సరిహద్దు స్థాయి, 25 శాతం. చట్టం చెప్పే బెంచ్‌మార్క్ వైకల్యానికి కనీసం 40 శాతం కావాలి. అంటే 69కీ 70కీ మధ్య ఉన్న ఒక్క అంకెలోనే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం) వస్తుందా రాదా అన్నది ఉంది.

జూలైలో తొలి సందర్శనలోనే ఈ మాపని ప్రశ్నలు తల్లిని నా గదిలో కూర్చోబెట్టి అడిగాను. "చేస్తది మేడం, అన్నీ చేస్తది. స్నానం చేస్తది, నీళ్లు తెస్తది, బాసండ్లు తోముతది, దుకాణం పోతది" అన్నది. నేను రాసుకుంటూ పోయాను. సామాజిక వయసు 80 నెలలు తేలింది. అప్పటి వాస్తవ వయసు 112 నెలలు, ఐక్యూ లాగే భాగించి వందతో గుణిస్తే స్కోరు 71. ఐక్యూ ఏ పద్ధతిలో కొలిచినా తక్కువే వచ్చేట్టున్న పిల్లకు సామాజిక స్కోరు సరిహద్దు స్థాయిలో రావడం అసాధ్యమేమీ కాదు. తండాలో పిల్లలు చిన్నతనం నుంచే పనుల్లో పడతారు, చేతిపనులు త్వరగా వస్తాయి. కానీ ఆ తల్లి జవాబుల్లో నాకు తర్వాత రెండు సంగతులు అర్థమయ్యాయి. ఆమె తన కూతురు పనికిరానిదని ఎవరి ముందూ అనిపించుకోదలచుకోలేదు. రెండోది, "చేస్తది" అనే మాటకు ఆమె అర్థం వేరు, మాపని అర్థం వేరు. ఒక పని పిల్ల తనంతట తాను, అలవాటుగా, ఒకరు వెంట ఉండి చెప్పకుండా చేస్తేనే మాపనిలో పూర్తి గుర్తు వేయాలి. నేను "ఎట్ల చేస్తది, ఎవరు చెప్తే చేస్తది, నిన్న చేసిందా" అని అడిగి ఉండవలసింది. అడగలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం భవిత టీచరుతో కలిసి తండాకు పోయాను. తెల్లవారి ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఇంటి వాకిట్లో కూర్చున్నాం. స్నానానికి సుజాత తానే పోయింది. కానీ లోపలి నుంచి నానమ్మ "సబ్బు పెట్టు, వీపు రుద్దు, ఇంక నీళ్లు పోసుకో" అని ఒక్కో అడుగూ చెబుతూనే ఉంది, చెప్పడం ఆపినప్పుడు పాప చెంబు పట్టుకొని నిలబడిపోయింది. బాసన్లు తోమింది, ఏవి తోమాలో తల్లి ముందు పెడితేనే. దుకాణానికి పంపితే తల్లి చేతిలో సరిగ్గా పది రూపాయలు పెట్టి, చీటీ రాసి ఇచ్చింది. దుకాణదారు చీటీ చూసి సామాను ఇచ్చాడు. ఇరవై రూపాయల నోటిచ్చి చిల్లర తెమ్మని నేను అడిగితే నోటు ఇచ్చి సామానుతో వచ్చేసింది, చిల్లర సంగతి ఆమెకు లేదు. తండాలో తిరుగుతుంది, కానీ తమ వాడ దాటితే తమ్ముడు వెంట ఉండాల్సిందే. అన్నం మాత్రం తానే చక్కగా కలుపుకొని తిన్నది, జడ తానే దువ్వుకున్నది. వాటి గుర్తులు అలాగే ఉంచాను.

సహాయం లేకుండా స్నానం, రోజూ చేసే ఇంటిపనులు, చిన్న కొనుగోళ్లు, ఊళ్లో స్వేచ్ఛగా తిరగడం: ఈ నాలుగు అంశాల దగ్గర జూలైలో నేను వేసిన గుర్తులు నిలబడలేదు. ఆరేళ్లు దాటిన స్థాయిల్లో అంశాలు కొద్దిగానే ఉంటాయి కనుక ఒక్కో గుర్తు రెండున్నర నుంచి మూడు నెలల విలువ చేస్తుంది. నాలుగు గుర్తులు తీసేస్తే సామాజిక వయసు 69 నెలలకు దిగింది. అదే తేదీకి లెక్క కడితే స్కోరు 62.

ఇక్కడ నేను కొన్ని రోజులు ఆగాను. 71 అయితే సర్టిఫికెట్ లేదు, 62 అయితే ఉంది. ఆ ఏడాది జూన్ నుంచే రాష్ట్రంలో వికలాంగుల ఆసరా పింఛను నెలకు 3,016 రూపాయలైంది. కూలికి పోయే ఇంట్లో అది ఎంత డబ్బో నాకు తెలుసు. ఆ కుటుంబం మీద నాకు ఏర్పడిన ప్రేమ నా పెన్ను కదిలిస్తున్నదా అని నన్ను నేను అడగవలసి వచ్చింది. మేలు చేయాలన్న కోరికతో మార్కు కిందికి లాగితే, రేపు మరొకరు ఖర్చు తగ్గించాలన్న కోరికతో మార్కు పైకి లాగినప్పుడు వారిని తప్పుపట్టే హక్కు నాకు ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, లేని వైకల్యాన్ని ఒక ఆడపిల్ల పేరు మీద జీవితాంతం మోపినవారం అవుతాం. అందుకే మార్చిన నాలుగు అంశాలకూ ఎదురుగా, ఏ తేదీన, ఎవరి సమక్షంలో, ఏమి చూశానో రాసిపెట్టాను. జూలై స్కోరును కొట్టేయకుండా, అది ఎందుకు ఎక్కువగా వచ్చిందో వివరిస్తూ నివేదికలోనే ఉంచాను. భవిత టీచరు తన పరిశీలనలను నా అంకెలు చూడకముందే విడిగా రాసి ఇచ్చారు. ఆ రెండూ సరిపోలాకే సంతకం చేశాను.

నిర్ధారణ: స్వల్ప స్థాయి మేధో వైకల్యం, దానితోపాటు చికిత్సతో తగ్గే వినికిడి లోపం. ఆటిజం లక్షణాలు లేవు. పరీక్షల వివరాలతో నివేదికను వైద్య మండలికి పంపాను, శాతాన్ని నిర్ణయించే అధికారం వారిది. మీసేవలో స్లాట్ దొరకడానికి కొంతకాలం పట్టింది. మండలి పరీక్షించి 50 శాతంతో తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చింది.

అయితే చదువు సాయం దానికోసం ఆగలేదు, ఆగకూడదు కూడా. ఈ విషయంలో తల్లిదండ్రుల్లోనూ ఉపాధ్యాయుల్లోనూ చాలా గందరగోళం ఉంది కాబట్టి కొంత వివరంగా చెప్పాలి. 2016 చట్టం 31వ సెక్షన్ ప్రకారం బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యకు హక్కు ఉంది. అది తమ ఇంటి దగ్గరి బడిలోనా, ప్రత్యేక బడిలోనా అన్నది వారి ఎంపిక. 40 శాతం షరతు ఈ సెక్షన్‌కు వర్తిస్తుంది. కానీ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవడం, వారి అవసరానికి తగ్గట్టు తరగతిని సర్దుబాటు చేయడం, ఒక్కొక్కరి ప్రగతిని గమనించడం వంటి బాధ్యతలు చెప్పే 16వ సెక్షన్ కేవలం "వికలాంగ బాలలు" అంటుంది, అక్కడ శాతం ప్రస్తావనే లేదు. సుజాత స్కోరు 71 దగ్గరే నిలిచిపోయినా, ఆమెకు 25 శాతమే వచ్చినా, ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టడానికీ, ఆమెకు వేరే పాఠం తయారు చేయడానికీ ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. సర్టిఫికెట్ తెచ్చాక చూద్దామని బడిలో అంటే, ఆ మాటకు చట్టంలో ఆధారం లేదని నేను తల్లిదండ్రులకు ముందే చెబుతాను. పింఛను వేరు, పాఠం వేరు.

అక్టోబరులో, దసరా సెలవులు ముగిశాక, బడిలోనే కూర్చున్నాం: ప్రధానోపాధ్యాయుడు, తరగతి టీచరు, భవిత టీచరు, తల్లిదండ్రులు, నేను. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ రూపొందించిన క్రియాత్మక మదింపు జాబితాతో భవిత టీచరు పాపను ముందే చూశారు. పూర్వ ప్రాథమిక స్థాయి అంశాల్లో ఆమె 80 శాతం దాటింది, కాబట్టి ప్రాథమిక స్థాయి మొదటి మెట్టు నుంచి బోధన మొదలుపెట్టాలి. ప్రధానోపాధ్యాయుడు నిజాయితీగా తన ఇబ్బంది చెప్పారు. ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడుపుతున్నామనీ, ఈ పాపను చూస్తే మిగతావారు పోతారనీ అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. ప్రత్యేక పాఠశాల విషయంలో నా అభిప్రాయం మాత్రం స్పష్టంగా చెప్పాను. స్వల్ప స్థాయి వైకల్యం ఉన్న ఈ పిల్లకు ఇప్పుడు వసతితో కూడిన ప్రత్యేక పాఠశాల అవసరం లేదు; తమ్ముడు, తోటి పిల్లలు, లంబాడీ మాట్లాడే పరిసరాలు ఆమెకు ఉన్న అతి పెద్ద వనరు, వాటి నుంచి విడదీస్తే వచ్చిన కొద్దిపాటి మాటలు కూడా తగ్గవచ్చు. ఇంటి దగ్గరి బడిలోనే కొనసాగుతూ వారానికి రెండు రోజులు భవిత కేంద్రానికి వెళ్లేలా అందరం ఒప్పుకున్నాం. ఆ మాట విన్నాకే తండ్రి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

వ్యక్తిగత విద్యా ప్రణాళికలో మేం రాసిన లక్ష్యాలు తక్కువే. తన పేరు, తండ్రి పేరు, తండా పేరు, మండలం పేరు అడిగిన వెంటనే చెప్పడం. తల్లి ఫోను నంబరు చెప్పడం. ఇవి 2016 జాతర నుంచి వచ్చిన లక్ష్యాలని వేరే చెప్పనక్కర్లేదు. యాభై రూపాయల లోపు చిల్లర లెక్క. బస్సు బోర్డు మీద నర్సంపేట, వరంగల్ అన్న మాటలు గుర్తుపట్టడం. స్నానం మెట్లను బొమ్మలుగా గీసి గోడకు అంటించి, నానమ్మ నోటి మాటను నెమ్మదిగా తగ్గించుకుంటూ పోవడం. పదకొండో ఏడు రాకముందే రుతుక్రమం గురించి తల్లి, భవిత టీచరు కలిసి పాత గుడ్డల బొమ్మతో నేర్పడం మొదలుపెట్టాలని కూడా రాశాం. ఈ అంశం ప్రణాళికల్లో చాలాసార్లు కనిపించదు, తర్వాత అమ్మాయి బడి మానేయడానికి అదే కారణమవుతుంది. అయిదుసార్లలో నాలుగుసార్లు సాయం లేకుండా చేస్తే లక్ష్యం నెరవేరినట్టు. తరగతిలో ముందు వరుస, టీచరు ముఖం కనిపించేలా చోటు. కొత్త పాఠంలోని ముఖ్యమైన మాట తమ్ముడి తరగతిలోని పెద్ద పిల్ల ఒకరు లంబాడీలో చెప్పాలి.

2020 మార్చిలో బళ్లు మూతబడ్డాయి. అదే నెలలో సుజాతకు పదేళ్లు నిండాయి, పదేళ్లకు చేయవలసిన పునఃపరీక్ష వాయిదా పడింది. ఆ ఏడాదిన్నరలో టీవీ పాఠాలు ఆమెకు పనికిరాలేదు, భవిత టీచరు వీలు దొరికినప్పుడల్లా ఇంటికి పోయి చూసి వచ్చారు. ఇంట్లో అందరూ ఉండటం వల్ల స్నానం, బట్టలు, వంటలో సాయం బాగా మెరుగుపడ్డాయి. అక్షరాలు మాత్రం చాలా మటుకు పోయాయి. 2021 నవంబరులో మళ్లీ పరీక్షించాను. వయసు 140 నెలలు, మానసిక వయసు 88 నెలలు, ఐక్యూ 63. సామాజిక వయసు 90 నెలలు, స్కోరు 64. రెండేళ్ల తేడాతో, అదే అంగన్‌వాడీ టీచరు దుబాసీగా, మళ్లీ ఇంటి సందర్శనతో చేసిన కొలతలు ఒకే చోట నిలబడ్డాయి. 2019లో 71ని 62గా మార్చిన నిర్ణయం విషయంలో నా మనసు అప్పుడు కుదుటపడింది.

ఎడమ చెవికి కర్ణభేరి శస్త్రచికిత్స చేయవచ్చని వైద్యులు చెప్పారు, కుటుంబం అప్పటికి ఇంకా నిర్ణయించుకోలేదు. అయిదో తరగతి తర్వాత ఉన్నత పాఠశాల నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. తమ్ముడు అందులో చేరడానికి ఆమె తర్వాత మరో ఏడాది పడుతుంది కాబట్టి, ఆ ఏడాది ఆమె ఒంటరిగా వెళ్లాల్సి ఉంది. దానికి తోడు ఏర్పాటు చేయడం మీద అప్పట్లో మాట్లాడుకున్నాం.

2022 ఫిబ్రవరి జాతరకు ఆ కుటుంబం వెళ్లి వచ్చింది. పాప గౌను జేబులో తల్లి ఈసారి కూడా చీటీ పెట్టి పిన్నుతో కుట్టింది. గద్దెల దగ్గర భవిత టీచరు కావాలనే తెలియనట్టు అడిగితే, సుజాత తన పేరు, తండ్రి పేరు, తండా, మండలం వరుసగా చెప్పిందట. ఫోను నంబరులో మొదటి ఆరు అంకెలు చెప్పి ఆగిపోయింది. మిగతా నాలుగు అంకెలు కొత్త ప్రణాళికలోనూ మొదటి వరుసలోనే ఉన్నాయి.